కరెంటు నాలుగు రోజులు రాకపోతే: పవర్ స్టేషన్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం మీదుగా రాయగడ, జయపురం దాకా మనవాళ్ళు ఎక్కడ నలుగురు కలిసినా తుఫాను సీజను దగ్గరపడేసరికి ఒక ప్రశ్న వస్తుంది: పోర్టబుల్ పవర్ స్టేషన్ తీసుకోవాలనుకుంటున్నాం, ఎన్ని వాట్లది తీసుకోవాలి? వస్తువు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, అది పిడి పట్టుకుని ఎత్తుకుపోగలిగే లిథియం బ్యాటరీ డబ్బా. ఇన్వర్టరు లోపలే ఉంటుంది, ముందువైపు మామూలు ప్లగ్ సాకెట్లు, యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి, పక్కన సోలార్ ప్యానెల్ తగిలించుకునే చోటు ఉంటుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు పనికొస్తుంది, కొండమీద టెంటు వేసుకున్నప్పుడూ పనికొస్తుంది. ఎన్ని వాట్లనే ప్రశ్న అవసరమే, కానీ అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. డబ్బా ఖాళీ అయ్యాక, కరెంటు ఇంకా రాకపోతే, దాన్ని మళ్ళీ దేంతో నింపుతారు? ఈ ఒక్కటి తేలకుండా పెట్టే డబ్బులో సగం వృథా.

మన వైపు కరెంటు పోవడం రెండు రకాలు. చెట్టు కొమ్మ పడో, ట్రాన్స్‌ఫార్మర్ పోయో, లైను పనుల కోసం ఆపేసో గంటో రెండు గంటలో పోయేది ఒకటి. రెండోది తుఫానుది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టి కోరాపుట్ కొండల మీదకి వానలు తెచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచేసింది. అలాంటప్పుడు పోయేది ఫ్యూజు కాదు, వరసకి వరస స్తంభాలు నేలకూలతాయి, వాటిని మళ్ళీ నిలబెట్టి తీగలు లాగాలి, రోడ్డు మీద పడ్డ చెట్లు తీస్తే తప్ప ఆ స్తంభాలు తెచ్చే లారీ కూడా రాదు. పట్నంలో రోజుల్లో వచ్చే కరెంటు కొండ ఊళ్ళకి వారాలు పట్టొచ్చు.

మొదటి రకానికి పవర్ స్టేషన్ కొనక్కర్లేదు. మామూలు ఇంటి ఇన్వర్టరు, ఒక 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఆ పని చక్కగా చేస్తుంది, అంతే సామర్థ్యం ఉన్న పవర్ స్టేషన్ కంటే చాలా చవకలో అయిపోతుంది, చెడిపోతే బాగుచేసేవాడు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాడు. కరెంటు పోగానే దానంతటదే అందుకుంటుంది, సీలింగ్ ఫ్యాన్లూ లైట్లూ ఇంటి వైరింగ్ మీదే తిరుగుతాయి. చిక్కల్లా ఆ బ్యాటరీ కరెంటుతోనే నిండాలి, నిండటానికి పది పన్నెండు గంటలు కావాలి, యాభై కిలోల పైన బరువున్న దాన్ని మూలనుంచి కదిపే ప్రసక్తే లేదు. తుఫాను మొదటి రాత్రి అది కాపాడుతుంది. రెండో రోజు నుంచి మూలన కూర్చుంటుంది.

అందుకని, ఇంట్లో ఇప్పటికే మంచి ఇన్వర్టరు ఉండి, క్యాంపింగ్ జోలికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళు ముందు చేయాల్సింది వేరు. ఉన్న బ్యాటరీకే ఒక సోలార్ ప్యానెల్, ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అదుపుచేసే ఒక ఛార్జ్ కంట్రోలరు పెట్టించుకుంటే కొత్త డబ్బా ఖర్చులో కొద్ది భాగంతోనే తుఫాను తర్వాతి రోజులు గడుస్తాయి. అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి, బదిలీల ఉద్యోగాలవాళ్ళకి, ఇల్లు మునిగే ప్రమాదం ఉండి సామాను ఎత్తుకుని వెళ్ళాల్సి వచ్చేవాళ్ళకి, ఏడాదికి నాలుగుసార్లు కొండలెక్కే కుర్రాళ్ళకి పవర్ స్టేషన్ నిజంగా అక్కరకొస్తుంది.

ఇక లెక్క. డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి, దుకాణాల్లో పెద్దగా రాసేది వాట్లు. ఆ అంకె ఒకేసారి ఎంత కరెంటు లాగే సామాను నడపగలదో చెబుతుంది. ఎంతసేపు నడుస్తుందో చెప్పేది రెండో అంకె, వాట్-అవర్లు. 1000 వాట్-అవర్లంటే మన మీటర్లో తిరిగే ఒక్క యూనిట్. అన్ని వేలు పోసి కొన్న డబ్బాలో పట్టేది ఒకే ఒక్క యూనిట్ కరెంటని గుర్తుపెట్టుకుంటే సగం భ్రమలు అక్కడే పోతాయి. ఆ యూనిట్ కూడా మొత్తం చేతికి రాదు. బ్యాటరీ కరెంటుని 230 వోల్టులకి మార్చడంలో కొంత వేడిగా పోతుంది కాబట్టి 850 దాకా వస్తుందనుకోవాలి. పైగా ఏసీ బటన్ ఆన్ చేసి ఉంచితే ఏమీ తగిలించకపోయినా లోపలి ఇన్వర్టరు గంటకి పది, ఇరవై వాట్-అవర్లు తింటూనే ఉంటుంది, రాత్రంతా అలా వదిలేస్తే ఓ వందో నూటయాభయ్యో ఊరికే పోయినట్టే. ఫోన్లు యూఎస్‌బీ పోర్టులోంచే ఛార్జ్ చేయాలి. ఛార్జరు ప్లగ్గు సాకెట్లో పెడితే కరెంటు అటు మారి, మళ్ళీ ఇటు మారి రెండుసార్లు నష్టం.

తుఫాను తర్వాతి ఒక రాత్రికి ఇంటికి ఏం కావాలో చూద్దాం. 5000 ఎంఏహెచ్ ఫోను ఒకసారి నిండటానికి నష్టాలతో కలిపి పాతిక వాట్-అవర్లు, నాలుగు ఫోన్లకి వంద. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, అయిదు గంటలకి తొంభై. ఇంతవరకూ పెద్ద ఖర్చేమీ లేదు. అసలు తినేది ఫ్యాను. పాతరకం ఫ్యాను 75 వాట్లు, ఎనిమిది గంటలకి 600. ఈ మూడూ కలిపితే 790, అంటే డబ్బా ఒక్క రాత్రితో సరి. అదే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్నది అయితే ఫుల్ స్పీడులో కూడా 30 వాట్ల చుట్టూ ఉంటుంది, ఎనిమిది గంటలకి 240, మొత్తం 430, డబ్బా రెండు రాత్రులు వస్తుంది. మూడు వేల రూపాయల చుట్టుపక్కల దొరికే ఫ్యాను చేసే పని ఇది, అదే పని డబ్బా సైజు పెంచి చేయాలంటే పదుల వేలు. వైఫై రౌటరుకి పది వాట్లు చాలు కానీ ఫైబర్ తీగ కూడా ఆ స్తంభాల మీదుగానే వస్తుంది, స్తంభం పడితే రౌటరు వెలిగినా నెట్ ఉండదు. ఫోను టవర్లూ అంతే, వాటి బ్యాటరీ, డీజిల్ అయిపోయేవరకే సిగ్నల్. ఓ చిన్న రేడియో దగ్గర పెట్టుకోవడం ఇప్పటికీ మంచి అలవాటు.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. సీలింగ్ ఫ్యానుకి ప్లగ్గు ఉండదు, గోడలోంచి వైరు ఉంటుంది. దాన్ని డబ్బాతో తిప్పాలని కొందరు రెండు వైపులా ప్లగ్గులు బిగించిన వైరు చేయించి, ఒక కొస డబ్బాకి, ఇంకో కొస గోడ సాకెట్‌కి పెడతారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. మెయిన్ స్విచ్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి వెళుతుంది, అక్కడున్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకి పెంచుతుంది, చచ్చిన లైనే కదా అని స్తంభమెక్కి పనిచేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. మనకి కరెంటు తేవడానికి వచ్చిన మనిషి! ఒకవేళ ఆ సమయంలో కరెంటు తిరిగొస్తే డబ్బా కాలిపోతుంది. ఆ వైరు గోడ కొస ఊడితే బయటికి కనబడే పిన్నులోనే 230 వోల్టులుంటాయి, పిల్లలున్న ఇంట్లో అది ఇంకా ఘోరం. ప్లగ్గుతో వచ్చే టేబుల్ ఫ్యానో, స్టాండు ఫ్యానో ఒకటి బీఎల్‌డీసీలో కొనుక్కుంటే ఈ తంటా మొత్తం తప్పుతుంది. సీలింగ్ ఫ్యానే కావాలంటే ఎలక్ట్రీషియన్ చేత ఆ ఒక్క ఫ్యానుకీ ఇంటి వైరింగ్‌తో సంబంధం లేకుండా ప్లగ్గు పెట్టించుకోవచ్చు, లేదా లైను కరెంటో డబ్బా కరెంటో ఒక్కటే వచ్చేలా చూసే ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవచ్చు.

డబ్బా వల్ల కానివి కూడా ముందే తెలుసుకోవాలి. అన్నిటికంటే పెద్దది నీళ్ళ మోటారు. తుఫాను తర్వాత ఇళ్ళల్లో అసలు ఏడుపు చీకటి గురించి కాదు, నీళ్ళ గురించి, ఎందుకంటే బోరు మోటారు కరెంటుతోనే తిరగాలి. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడే వెయ్యి వాట్ల పైన లాగుతుంది, స్టార్టింగులో దానికి మూడు నాలుగు రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అడుగుతుంది. మామూలు డబ్బా అక్కడికక్కడే ట్రిప్పవుతుంది. తుఫాను కబురు రాగానే ట్యాంకు, బకెట్లు, గంగాళాలు నింపుకోవడానికి ఏ బ్యాటరీ సాటిరాదు. ఇండక్షన్ పొయ్యి, గీజరు, ఇస్త్రీపెట్టె కూడా వద్దు. లీటరు నీళ్ళు మరగడానికి దాదాపు 110 వాట్-అవర్లు పడుతుంది, అదే కరెంటు నాలుగు ఫోన్లకి సరిపోతుంది. టీ గ్యాసు మీద పెట్టుకోవాలి.

ఫ్రిజ్ సంగతి కొంచెం వేరు. సింగిల్ డోర్ ఫ్రిజ్ రోజుకి ముప్పావు యూనిట్ దాకా తింటుంది, అంటే డబ్బా మొత్తం దానికే. తలుపు తీయకుండా ఉంచితే కరెంటు పోయాక నాలుగు గంటల వరకూ చల్లదనం నిలుస్తుంది, తర్వాత పాలు, కూరలు వదులుకోవడమే మంచిది. చాలామంది టెన్షన్ పడేది ఇన్సులిన్ గురించి. దాని కోసం ఫ్రిజ్ మొత్తం నడపక్కర్లేదు. వాడుతున్న ఇన్సులిన్ సీసా గది వేడిలో, రకాన్ని బట్టి సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది, వేడి 30 డిగ్రీలు దాటకూడదంతే. ఇసక మీద పెట్టి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, సీసాకి నీళ్ళు తగలకుండా గిన్నెలో పెడితే పని జరుగుతుంది. ఏ రకానికి ఎన్ని రోజులో డాక్టరుని ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. ఉబ్బసం ఉన్నవాళ్ళ నెబ్యులైజర్‌కి పది నిమిషాలకి పాతిక వాట్-అవర్లు చాలు, దానికి డబ్బా దేవుడిలా పనికొస్తుంది. అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మాత్రం 300 వాట్ల పైన లాగుతుంది, వెయ్యి వాట్-అవర్ల డబ్బా మూడు గంటలు కూడా గట్టిగా ఆపలేదు. అలాంటి రోగి ఇంట్లో ఉంటే సిలిండరు ఏర్పాటే ముఖ్యం, డబ్బాని నమ్ముకోకూడదు.

ఇక మళ్ళీ నింపే సంగతి. దారులు మూడు. కారులో సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి నింపొచ్చు కానీ అది వంద వాట్లకి మించి ఇవ్వదు, వెయ్యి వాట్-అవర్ల డబ్బా నిండాలంటే ఇంజను పది గంటలు ఆన్‌లో ఉండాలి, తుఫాను తర్వాత పెట్రోలు బంకుల దగ్గర క్యూలు తలుచుకుంటే అది దారే కాదు. రెండోది జనరేటరు. వీధిలో ఎవరికైనా చిన్న పెట్రోలు జనరేటరు ఉంటే గంటన్నర, రెండు గంటల్లో డబ్బా నింపుకుని, జనరేటరు ఆపేసి, రాత్రంతా చప్పుడు లేకుండా గడపొచ్చు. తక్కువ లోడు మీద రాత్రంతా జనరేటరు నడపడం కంటే ఇందులో పెట్రోలు బాగా మిగులుతుంది. చిన్న జనరేటరు అయితే ఛార్జింగ్ వాట్లు తగ్గించే సెట్టింగు డబ్బాలో ఉందో లేదో కొనేటప్పుడే చూసుకోవాలి. జనరేటరు మాత్రం ఎప్పుడూ ఆరుబయటే, వరండాలో కూడా వద్దు. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

మూడోదే మనకి నిలిచే దారి, సోలార్. తుఫాను దాటిన రోజు మబ్బు, చినుకులు ఉంటాయి, ప్యానెల్ పదో వంతు ఇస్తే గొప్ప. కానీ అక్టోబరు తుఫాను వెళ్ళిపోయాక చాలాసార్లు ఆకాశం విచ్చుకుని మంచి ఎండ కాస్తుంది. 200 వాట్ల ప్యానెల్ నిజానికి మధ్యాహ్నం నూటనలభై, నూటయాభై ఇస్తుంది, రోజు మొత్తం మీద 600 వాట్-అవర్ల దాకా పోగవుతుంది. పైన వేసిన లెక్కలో రోజుకి కావాల్సింది 430. అంటే రెండు రోజుల డబ్బా కాస్తా కరెంటు వచ్చేదాకా ఆగని డబ్బా అయిపోయింది. ప్యానెల్ లేకుండా 2000 వాట్-అవర్ల డబ్బా కొన్న ఇల్లు అయిదో రోజుకి చీకట్లో ఉంటుంది. 1000 డబ్బా, 200 వాట్ల ప్యానెల్ తీసుకున్న ఇల్లు వెలుగులోనే ఉంటుంది, ఖర్చు కూడా తక్కువే.

ప్యానెల్ పెట్టడంలో చిన్న చిన్న విషయాలు పెద్ద తేడా తెస్తాయి. మన జిల్లాలు 18, 19 డిగ్రీల అక్షాంశాల దగ్గర ఉన్నాయి, అక్టోబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ప్యానెల్ని దక్షిణం వైపు కొంచెం వాల్చి పెట్టాలి. గంజాం తీరంలో మేడ మీద కొబ్బరి మట్ట నీడ ప్యానెల్ ఒక మూల మీద పడినా చాలు, ఆ మూల మేరకే తగ్గుతుందనుకోవద్దు, లోపలి సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి సగానికి సగం పడిపోతుంది. నీడ జరిగేకొద్దీ ప్యానెల్నీ జరపాలి. డబ్బాని మాత్రం ఎండలో పెట్టకూడదు, వైరు పొడుగ్గా తీసుకుని డబ్బా నీడలో, ప్యానెల్ ఎండలో. వేడెక్కితే డబ్బా తనంతట తానే ఛార్జింగ్ ఆపేస్తుంది. ఇంటి మీద వేసే పెద్ద ప్యానెల్స్ చవకని తగిలించేవాళ్ళు వోల్టేజీ చూసుకోవాలి. వరసగా కలిపితే వోల్టులు కూడుకుంటాయి. 22 వోల్టుల ప్యానెల్స్ మూడు కలిపితే 66, డబ్బా పరిమితి 60 అయితే లోపలి సర్క్యూట్ పోతుంది, చల్లటి ఉదయం ప్యానెల్ వోల్టేజీ ఇంకాస్త పెరుగుతుంది కూడా.

క్యాంపింగ్‌కి లెక్క చాలా చిన్నది. కోరాపుట్ దేవమాలి, 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ, అక్కడ టెంటు వేసుకునే నలుగురికి రెండు రాత్రులు ఫోన్లు, కెమెరా బ్యాటరీలు, ఒక లైటు అంటే 300 వాట్-అవర్ల డబ్బా చాలు, బరువు నాలుగు కిలోల లోపే. వెయ్యిది పన్నెండు కిలోల చుట్టూ ఉంటుంది, కారు వెళ్ళే చోటికి సరే. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్ళు జేబులో పట్టే పవర్ బ్యాంకు తీసుకెళ్ళడమే తెలివైన పని. చలికాలం పొట్టంగి, సిమిలిగూడ వైపు చలి ఒంటి అంకెలోకి దిగుతుంది, హీటరు పట్టుకెళ్దామనే ఆలోచన వస్తుంది కానీ వెయ్యి వాట్ల హీటరు వెయ్యి వాట్-అవర్ల డబ్బాని కూడా గంటలోపు ఖాళీ చేస్తుంది, మంచి రగ్గుని మించింది లేదు. టెంటులోపల బొగ్గుల కుంపటి అసలే వద్దు, జనరేటరు పొగలో ఉన్న విషమే అందులోనూ ఉంది. మంచు బాగా పడుతుంది కాబట్టి డబ్బాని టెంటులోనో కారులోనో ఉంచాలి. మాచ్‌ఖండ్ జల విద్యుత్ కేంద్రం 1955లో మొదలై, 120 మెగావాట్ల సామర్థ్యంతో ఆంధ్రా, ఒడిశా రెండిటికీ కరెంటు ఇస్తున్నది ఈ కొండల్లోంచే, అయినా ఈ కొండల మీద రాత్రి గడపాలంటే మన కరెంటు మనం మోసుకెళ్ళాల్సిందే.

సముద్రం వైపు వెళ్ళేవాళ్ళకి ఒక మనవి. గంజాంలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్లలు ఎటు వెలుగుంటే అటు పాకుతాయి, చీకటి రాత్రి సముద్రపు వెలుగే వాటికి దారి. వేసవి మొదట్లో ఆ ఒడ్డు దగ్గర పవర్ స్టేషన్ పెట్టి లైట్ల దండలు వెలిగిస్తే అవి నీళ్ళ వైపు కాకుండా మన టెంటు వైపు వచ్చి చచ్చిపోతాయి. ఆ రోజుల్లో అక్కడ లైట్లతో క్యాంపు పెట్టకపోవడమే న్యాయం.

కొనేటప్పుడు బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమేనా అని చూడాలి, ఎల్‌ఎఫ్‌పీ అని రాస్తారు. మూడు వేల సార్లు ఛార్జ్ చేయొచ్చని ప్రచారం చేస్తారు కానీ ఏడాదికి పదిసార్లు వాడే ఇంటికి ఆ లెక్క పెద్ద ముఖ్యం కాదు. వేడిని తట్టుకుంటుంది, మంటలంటుకునే ప్రమాదం తక్కువ, అదీ అసలు కారణం. ప్యూర్ సైన్ వేవ్ అని ఉండాలి, అంటే లైను కరెంటు లాంటి నున్నటి కరెంటే ఇవ్వాలి, సర్వీసు సెంటరు బరంపురంలోనో విశాఖలోనో భువనేశ్వర్‌లోనో ఉండాలి, ఎందుకంటే ఇంత బరువున్న లిథియం బ్యాటరీని కొరియర్‌లో వెనక్కి పంపడం అంత సులువు కాదు. అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో అక్కడ డిస్కౌంట్‌లో ఉందని కొని తెస్తానంటే వద్దని చెప్పండి. అక్కడివి 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మన సామాన్లకి పనికిరావు. పైగా 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు, ఎయిర్‌పోర్టులోనే వదిలేయాల్సి వస్తుంది.

వాడని రోజుల్లో సగం పైచిలుకు ఛార్జితో, చల్లటి చోట ఉంచాలి. పూర్తిగా నింపి గానీ, పూర్తిగా ఖాళీ చేసి గానీ నెలలకొద్దీ వదలకూడదు. ఎండాకాలం మూసిన కారులో అస్సలు వదలొద్దు. వంశధార ఒడ్డున గుణుపురం, కాశీనగర్ లాంటి చోట్ల ఉండేవాళ్ళు నేలమీద కాకుండా అటక మీద పెట్టుకోవాలి, ఒకసారి వరద నీళ్ళలో తడిసిన డబ్బాని ఆరబెట్టి ఆన్ చేసి చూద్దామనే ప్రయత్నం ప్రమాదం. మన వైపు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి ప్రతి మిషనూ బయటికి తీసి తుడుస్తారు కదా, డబ్బాని కూడా ఆ రోజే బయటికి తీసి ఒక రాత్రి దానిమీదే ఫ్యాను తిప్పి చూస్తే ఏదైనా తేడా ఉంటే అక్టోబరుకి ముందే తెలిసిపోతుంది.

గోపాలపురం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వినగానే డబ్బా వందకి వంద నింపి, ఇంట్లో ఫోన్లన్నీ గోడ ప్లగ్గు మీదే నింపి, ప్యానెల్ని మేడ మీంచి దింపి లోపల పెట్టేయాలి. ఆ గాలికి ప్యానెల్ ఎగిరిందంటే ఎదురింటి కిటికీ ఉండదు. తుఫాను సరిగ్గా మన మీదుగా వెళితే మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, చుక్కలు కూడా కనబడొచ్చు. అది తుఫాను కన్ను. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా మళ్ళీ కొడుతుంది. వాతావరణ శాఖ తుఫాను దాటిపోయిందని చెప్పేదాకా ప్యానెల్ పట్టుకుని మేడ ఎక్కొద్దు, ఆ రాత్రికి డబ్బాలో ఉన్నది చాలు.